మూకీ చలనచిత్రములలో ప్రేమ, వివాహము, యోగ్యతా నిరూపణము

1895 డిసెంబరు 28వ తేదీన పారిస్ నగరమున లూమియేర్ సోదరులు రుసుము గైకొని ప్రేక్షకులకు కదలుబొమ్మలను చూపిన నాడు మొదలుకొని, 1927లో అమెరికాయందు 'ది జాజ్ సింగర్' వెలువడి టాకీలకు దారి తీసిన నాటివరకు గల సుమారు మూడు దశాబ్దుల కాలమును మూకీ యుగమని వ్యవహరింతురు. ఈ యుగమున పలుదేశములలో నిర్మితమైన కథాచిత్రములందు మిక్కిలి తరచుగా కనవచ్చు ఇతివృత్తము ఒకటి కలదు. నాయకుడు నాయికను ప్రేమించును. ఆమెను చేపట్టుటకు తాను తగినవాడనని ఆమెకో, ఆమె తండ్రికో, ఊరివారికో, తుదకు తనకు తానో ఋజువుపరచుకొనవలసి వచ్చును. ఆ ఋజువు దొరకిన పిమ్మట పెండ్లితో కథ ముగియును. ప్రేమ ఆరంభముగను, వివాహము ఫలముగను, యోగ్యతా నిరూపణము నడిమి కథగను గల ఈ కూర్పు హాస్యచిత్రములందును, సాహసచిత్రములందును, పౌరాణికములందును వేర్వేరు వేషములతో సంచరించెను.

ఈ ఇతివృత్తము మూకీలకు అంతగా వశమగుటకు హేతువు ఆ కళయొక్క స్వభావమునందే యున్నది. మాటలాడజాలని నాయకుడు తన హృదయమును వాక్కుచే విప్పి చెప్పలేడు. కావున అతని అర్హత కంటికి కనబడు కార్యముగా, దేహముతో చేయబడు సాహసముగా, ఒక మేడ నెక్కుటగా, ఒక ప్రవాహమును దాటుటగా రూపొందవలసి వచ్చెను. అయితే కంటికి కనబడునదంతయు అర్హత కాదనియు, జీతము, సైనికవేషము, కండబలము అనునవి యోగ్యతకు గురుతులుగా లోకమున చెల్లుబడి యగుచున్నను యోగ్యతయే కాజాలవనియు ఆ కాలపు ఉత్తమ దర్శకులు శీఘ్రముగనే గ్రహించిరి. నాయకుని పరీక్షించుటతో మొదలైన మూకీ, పరిణతి చెందిన కొలది, ఆ పరీక్షనే పరీక్షింప నారంభించెను.

మాట లేని ప్రేమ

మూకీలలో సంభాషణము పూర్తిగా లేకపోలేదు. దృశ్యముల నడుమ తెరపై అక్షరములు కనబడుచుండెను. ప్రదర్శనశాలలో పియానోగాని వాద్యబృందముగాని రసమునకు తగిన సంగీతమును సమకూర్చుచుండెను. జపానునందు బెన్షీలనబడు వ్యాఖ్యాతలు తెరప్రక్కన నిలిచి సకల పాత్రల మాటలను తామే పలుకుచుండిరి. భారతదేశమున పెక్కుభాషలవారు ఒకే చిత్రమును చూడవలసి యుండుటచే అక్షరములను ఒకటికంటె ఎక్కువ భాషలలో చూపుచుండిరి. చదువురాని వారికొరకు వానిని బిగ్గరగా చదివి వినిపించువారును ఉండిరి. కాని ప్రేక్షకుడు అక్షరములను చదువుకొనునంత సేపు నటుని ముఖము మరుగుపడును గనుక నేర్పరియైన దర్శకుడు వానిని మిక్కిలి పొదుపుగా వాడుచుండెను; ప్రేమను ప్రకటించు ఘట్టములలో ఈ పొదుపే కళయయ్యెను.

హెరాల్డ్ లాయిడ్ నటించిన 'ది కిడ్ బ్రదర్' (1927) అను చిత్రమునందలి ఒక ఘట్టము దీనికి చక్కని నిదర్శనము. అడవిలో తొలిసారి కలిసికొనిన కన్య వీడ్కోలు పలికి కొండవాలున దిగిపోవుచుండగా, ఆమె కనుమరుగగుట సహింపలేని నాయకుడు ప్రక్కనున్న చెట్టెక్కి, అక్కడినుండి కేకవైచి ఆమె పేరడుగును. ఆమె మరల మరుగుకాగా మరికొంత పైకెక్కి ఆమె ఉనికిపట్టు నడుగును. మూడవసారి ఇంకను పైకొమ్మకు ప్రాకి కేవలము చేయి ఊపును. అతడు ఎక్కుచుండగా కెమెరాయును అతనితో సమానముగా పైకి లేచి, దూరమున చిన్నదై సాగిపోవు ఆమెను చూపుచుండును. ఆమె సాగిపోయిన పిదప మైమరచిన నాయకుడు కొమ్మనుండి కొమ్మకు తగులుచు నేలకూలును. ప్రేమలో పడుట అను భావమునకు ఒక్క వర్ణనావాక్యమైనను అవసరము లేకుండ దర్శకులు దానిని కొలతగా మార్చివేసిరి. ఎంత ఎత్తెక్కెనో అంత ప్రేమ.

నాయకుడు మాటలాడలేకపోవుటనే కథాంశముగా చేసికొనిన చిత్రములును కలవు. 'గర్ల్ షై' (1924)లో లాయిడ్ పాత్రధారి దర్జీవద్ద పనివాడు. స్త్రీలయెదుట అతనికి నత్తి వచ్చును. అట్టివాడు స్త్రీలను వశపరచుకొను విధమును గూర్చి గ్రంథము వ్రాయుటయే అందలి పరిహాసము. బస్టర్ కీటన్ 'సెవెన్ ఛాన్సెస్' (1925) ఆరంభమున నాయకుడు ప్రియురాలి ఇంటిముంగిట నిలిచి తన మనసు చెప్పలేకపోవుచుండగా ఋతువులు మారును. ప్రక్కనున్న కుక్కపిల్ల పెద్దకుక్కయగును. మాట మాత్రము పెదవి దాటదు.

వరపరీక్ష: ప్రాచీన సంప్రదాయము

కన్యను కోరువాడు ముందుగా తన శౌర్యమును చూపవలెననుట చలనచిత్రము కల్పించిన నియమము కాదు. శివధనుర్భంగము, మత్స్యయంత్ర భేదనము మన ఇతిహాసములందు ప్రసిద్ధములు. ఐరోపాఖండపు వీరగాథలును, జానపదకథలును ఇట్టి పణములతో నిండియున్నవి. మూకీలు ఈ సొత్తును యథాతథముగా స్వీకరించినవి కావు. వానిలో మేలైనవి పందెమును నిలిపి, ఆ పందెము న్యాయమైనదా యను ప్రశ్నను గూడ నిలిపినవి.

జర్మనీయందు ఫ్రిట్జ్ లాంగ్ దర్శకత్వము వహించిన 'డీ నీబెలుంగెన్' (1924) మొదటిభాగమున గుంథర్ రాజు బ్రున్‌హిల్డ్ రాణిని వివాహమాడగోరును. రాతిని విసరుటయందును, దుముకుటయందును, ఈటె వేయుటయందును తన్ను ఓడించినవానినే ఆమె వరించును. తనకా సామర్థ్యము లేకపోగా గుంథర్ తన చెల్లెలిని సీగ్‌ఫ్రీడునకిచ్చుటకు ఒప్పుకొని, అదృశ్యుడైన అతనిని తన ప్రక్కన నిలిపి పందెము గెలుచును. ఒక వివాహమునకు మోసము మూలమై, రెండవ వివాహమునకు ఆ మోసమే కన్యాశుల్కమై, రహస్యము బయటపడినంతనే రెండు వంశములును నశించుటకు ఈ పరీక్షయే బీజమగును. పరీక్ష నిజమైనది కానినాడు దానిపై కట్టిన సంసారము నిలువదనుట ఈ చిత్రము తేల్చిన సిద్ధాంతము.

స్వీడనునందు మారిట్జ్ స్టిల్లర్ నిర్మించిన 'సాంగ్ ఆఫ్ ది స్కార్లెట్ ఫ్లవర్' (1919), ఫిన్లాండు రచయిత లిన్నాన్‌కోస్కి నవలకు చిత్రరూపము. కలప దూలములను నదిలో తేల్చి నడపు యువకుడు ఓలోఫ్ ఒకే దూలముపై నిలిచి, సుడులు తిరుగు ప్రవాహమున పయనించి, ఒడ్డున గుమిగూడిన ఊరివారి మెప్పు బడయును. అయినను కన్యయొక్క తండ్రి దేశదిమ్మరికి పిల్లనీయనని త్రోసిపుచ్చును. ప్రవాహమును జయించిన దేహబలము చాలదనియు, నిలుకడయే అసలు పరీక్షయనియు కథ మిగిలిన భాగమున నిరూపితమగును.

షాంఘై నగరమున మింగ్‌సింగ్ సంస్థవారు 1922లో నిర్మించిన చిన్న హాస్యచిత్రము, నేడు పూర్తిగా లభించు చీనా చిత్రములలో అతిప్రాచీనమైనది, ఈ సంప్రదాయమును మరియొక వైపునకు త్రిప్పెను. ఆంగ్లమున 'లేబరర్స్ లవ్' అని ప్రసిద్ధమైన ఈ చిత్రమునకు ఝాంగ్ షిచ్వాన్ దర్శకుడు. వడ్రంగము వదలి పండ్ల దుకాణము పెట్టుకొనిన నాయకుడు ఎదుటి వైద్యుని కుమార్తెను ప్రేమించి, వడ్రంగులు గీతలు గీయుటకు వాడు సిరాదారపు డబ్బీని దారము వెంబడి జారవిడిచి, దానిలో పండ్లను ఆమె బల్లమీదికి పంపుచుండును. రోగులు రాక అల్లాడుచున్న వైద్యుడు తన వ్యాపారమును వృద్ధిచేసినవానికే కూతురు నిత్తుననును. నాయకుడు తన పాతవిద్యను స్మరించుకొని, దుకాణముపైనున్న జూదశాల మెట్లను ఒక్క పట్టున జారుడుపలకగా మారునట్లు అమర్చును. రాత్రి దిగివచ్చు జూదరులందరును క్రిందపడి, కాళ్లు చేతులు బెణికి, వైద్యునియొద్ద బారులు తీరుదురు. రాజకుమారులకు విల్లుండినచోట కార్మికునకు ఉలియుండెను. అతడు నిరూపించినది శౌర్యము కాదు, పనితనము.

అమెరికా హాస్యచిత్రములు: సంపాదనయే కొలమానము

1920 తరువాతి అమెరికా సమాజమున పల్లెలనుండి పట్టణములకు వలసపోయిన యువకులకు గెలుపనగా ఉద్యోగము, జీతము, హోదా. ఈ యుగధర్మమును అందరికంటె స్పష్టముగా తెరకెక్కించినవాడు హెరాల్డ్ లాయిడ్ (1893–1971). నెబ్రాస్కా రాష్ట్రమున జన్మించిన ఈ నటుడు గుండ్రని కళ్లజోడుతో ఇరుగుపొరుగు యువకునివలె కనబడును. 1919లో ఛాయాచిత్రము తీయు సందర్భమున చేతనున్న బాంబు పేలి కుడిచేతి బొటనవ్రేలిని, చూపుడువ్రేలిని పోగొట్టుకొనియు, లోటు తెలియనీయని తొడుగు ధరించి తన ప్రసిద్ధ సాహసచిత్రములన్నిటను నటించెను.

1923లో విడుదలయైన 'సేఫ్టీ లాస్ట్' ఈ శాఖకు శిరోభూషణము. పల్లెయువకుడు పెండ్లికి తగినంత సంపాదించి కబురుచేయుదునని ప్రియురాలికి మాటయిచ్చి నగరమునకు పోవును. అక్కడ ఒక పెద్ద అంగడిలో వారమునకు 15 డాలర్ల జీతముపై బట్టలమ్ము గుమాస్తాగా కుదిరియు, తానొక గొప్ప అధికారినయితినని ఉత్తరములు వ్రాయుచు, అద్దె బాకీపడి, తిండి మానుకొని ఆమెకు ఆభరణములు పంపుచుండును. వానిని నిజమని నమ్మి ఆమె హఠాత్తుగా నగరమునకు రాగా, తాను గుమాస్తా పనిచేయుచునే అధికారిగా నటింపవలసిన సంకటము కలుగును. అంగడికి జనమును ఆకర్షించు ఉపాయము చెప్పినవారికి 1,000 డాలర్లని వినినంతనే, గోడలు ప్రాకనేర్చిన తన మిత్రుని పన్నెండంతస్తుల మేడనెక్కింప నిశ్చయించును. ఆ మిత్రుని ఒక పోలీసు వెంటదరుముచుండుటచే తానే ఎక్కవలసివచ్చును. పావురములు, టెన్నిసు వల, చిట్టెలుక, పైనుండి ఊడివచ్చు పెద్దగడియారపు ముఖము ఇత్యాది విఘ్నములను అంతస్తునకొక్కటిగా దాటి అతడు చేరు శిఖరమున ప్రియురాలు నిలిచియుండును. ఇరువురును చేయి చేయి పట్టుకొని మేడపై నడచిపోవుచుండగా, పచ్చి తారులో అతని బూట్లును, పిదప మేజోళ్లును ఊడి అంటుకొనిపోవును. అతడది గమనింపనైన గమనింపడు. అబద్ధముతో ఎక్కిన హోదాకంటె నిజముగా ఎక్కిన గోడ గొప్పదని చిత్రము చెప్పుచున్నను, ఆ గోడనెక్కించినది ప్రేమతోపాటు ప్రకటన వ్యాపారము గూడ నని మరువరాదు. ఇందు నాయికయైన మిల్డ్రెడ్ డేవిస్‌ను లాయిడ్ అదే సంవత్సరమున వివాహమాడెను.

యోగ్యతకు మూలము ఆత్మవిశ్వాసమని చెప్పు చిత్రము లాయిడ్ నటించినదే, 'గ్రాండ్‌మాస్ బాయ్' (1922). పిరికివాడైన మనుమనికి అవ్వ ఒక రక్షను ఇచ్చి, అంతర్యుద్ధమున అతని తాతను కాపాడినది ఇదియేనని చెప్పును. ఆ బలముతో దుర్మార్గుని పట్టి తెచ్చిన పిమ్మట అది గొడుగుపిడి మాత్రమేనని తెలియును.

బస్టర్ కీటన్ (1895–1966) ఇదే పణమును మరింత నిశితముగా పరిశీలించెను. అతని 'ది జనరల్' అను చిత్రము 1862లో అమెరికా అంతర్యుద్ధకాలమున జరిగిన ఒక రైలింజను అపహరణమును ఆధారముగా చేసికొని 1926లో నిర్మింపబడెను. ఇంజను డ్రైవరైన జానీకి ప్రేమపాత్రములు రెండు: తన ఇంజను, అనబెల్ అను కన్య. యుద్ధము ప్రకటింపబడగానే సైన్యమున చేరబోయిన అతనిని, డ్రైవరుగానే ఎక్కువ ఉపయోగపడునను తలంపుతో, కారణము చెప్పకయే అధికారులు త్రిప్పిపంపుదురు. అది తెలియని అనబెల్ సైనికవేషమున కనబడువరకు తనతో మాటలాడవలదనును. మనసు చెడి అతడు ఇంజను చక్రములను కలుపు ఇనుపకమ్మిపై కూర్చుండగా, ఇంజను కదలి, అతనిని కూర్చున్నవానిని కూర్చున్నట్లే పైకిని క్రిందికిని త్రిప్పుచు షెడ్డులోనికి గొనిపోవును; అతడది గ్రహించునది షెడ్డు చేరిన పిదపనే. పిమ్మట శత్రువులు ఎత్తుకొనిపోయిన ఇంజనును, అందు చిక్కిన అనబెల్‌ను ఒక్కడై విడిపించి తెచ్చును. తరుముకొనివచ్చు వేళ పొయ్యిలో కట్టెలు వేయవలసిన ఆమె ఒక పుల్లను వేయును. అతడు పరిహాసముగా అంతకంటె చిన్నపుల్ల నందింపగా దానిని గూడ శ్రద్ధతో వేయును. అతడు కోపమున ఆమె గొంతు పట్టుకొని, మరుక్షణమున ముద్దిడును. తుదకు అతడు సైన్యాధికారిగా నియుక్తుడై ఆమెను ముద్దిడబోవుచుండగా, దారిన పోవు సైనికులందరును వందనము చేయుచుందురు. ప్రతివందనమునకు ముద్దు ఆగిపోవుచుండగా అతడు కూర్చున్నచోటు మార్చుకొని, పెదవులు ఎడబాయకుండ చేయి మాత్రము యంత్రమువలె ఎత్తుచు దించుచు నుండును. ఆమె కోరిన వేషము లభించినది. ఆ వేషమే ఇపుడు ముద్దునకు అడ్డమైనది.

కీటన్ చిత్రములలో పెండ్లి ఎల్లవేళల శుభాంతము కాదు. 'కాప్స్' (1922)లో పెద్ద వ్యాపారస్థుడవైన గాని పెండ్లాడనని కన్య చెప్పగా బయలుదేరిన నాయకుడు, నగరపు పోలీసులందరిచే తరుమబడి, తెలివితో వారినందరిని ఠాణాలో వేసి తాళము పెట్టియు, ఆమె ముఖము త్రిప్పుకొని పోవుటచే తానే తాళము తీసి వారి చేతులలోనికి నడచిపోవును. ముగింపు పలక అతని టోపీ తగిలించిన సమాధిరాయి. 'కాలేజ్' (1927)లో చదువరియైన నాయకుడు ఆటలన్నిటను అపజయము పొంది, ప్రియురాలు ఆపదలో చిక్కినపుడు ఆ ఆటలనే ఒక్కపరుగున నెరవేర్చి ఆమెను చేరును. వెంటనే వివాహము, పిల్లలతో సంసారము, వార్ధక్యమున చిరచిరలు, ప్రక్కప్రక్కన రెండు సమాధులు అను దృశ్యములు క్షణములలో వచ్చిపోవును. పెండ్లితో కథ ముగియునను సూత్రమునకు ఇంతకంటె సంగ్రహమైన విమర్శ మూకీలలో మరియొకటి లేదు.

చార్లీ చాప్లిన్ నాయకునకు యోగ్యత కలదు. దానిని చూడగల కన్నులు లోకమునకు లేవు. 'ది సర్కస్' (1928)లో దేశదిమ్మరి తాను ప్రేమించిన కన్య త్రాటిపై నడచువానిని వలచినదని తెలిసి, తానును త్రాటిపై నడువ సాహసించి కోతులచే పీడింపబడును. పిమ్మట తానే ఆమెను ఆ ప్రత్యర్థికి ఒప్పగించి, వారి పెండ్లిలో బియ్యము చల్లి, సర్కసుబండ్లతో పోక వెనుక నిలిచిపోవును. మాటలు వచ్చిన తరువాతను మూకీగానే తీసిన 'సిటీ లైట్స్' (1931)లో గ్రుడ్డిదైన పూలమ్మి అతనిని ధనవంతుడని భ్రమించును. ఆమె చికిత్సకై వీథులూడ్చి, ముష్టియుద్ధము చేసి, తుదకు చెరసాల పాలై అతడు తన యోగ్యతను నిరూపించును. అయితే నిరూపణమును చూడవలసిన ఆమెకు అప్పటికి చూపు లేదు, చూపు వచ్చిన పిదప అతడు చింకిబట్టలతో నున్నాడు. చేతిస్పర్శచే గుర్తుపట్టిన ఆమె ముఖముపై కథను నిలిపి, పెండ్లి జరిగెనో లేదో చెప్పక చాప్లిన్ చిత్రమును ముగించెను.

ముసుగు వీరుడు

సాహసచిత్రములందు యోగ్యత దాచబడుట ఒక ముఖ్యమైన ఉపాయము. డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ నటించిన 'ది మార్క్ ఆఫ్ జోరో' (1920)లో డాన్ డియెగో ఆవులించుచు, చేతిరుమాలుతో గారడీలు చేయుచు పెండ్లిచూపులకు వచ్చును. కన్యయైన లోలితా అతనిని అసహ్యించుకొని, ముసుగు ధరించి పీడితులను రక్షించు జోరోను ప్రేమించును. ఇరువురును ఒక్కరే యని తెలిసినపుడు తండ్రి కోరిన సంబంధమును, కూతురు కోరిన ప్రేమయు ఒక్కచోట సమకూడును. పెద్దలు కుదిర్చిన వివాహమునకును ప్రేమవివాహమునకును గల వైరుధ్యమును ఈ విధముగా ఒకే దేహమునందు పరిష్కరించుట ఈ చిత్రములకు గల గొప్ప ఆకర్షణ. 1920 మార్చిలో ఫెయిర్‌బాంక్స్, మేరీ పిక్‌ఫర్డుల వివాహము జరుగుటతో తెరపై గెలిచిన నాయకుడు లోకమునను నాయికను గెలిచెనని ప్రేక్షకులు సంబరపడిరి.

పెండ్లి తరువాతి పరీక్ష

పరీక్షను వివాహానంతరమునకు జరిపిన చిత్రములు వేరొక శాఖ. సెసిల్ బి. డెమిల్ 'డోంట్ ఛేంజ్ యువర్ హజ్బెండ్' (1919), 'వై ఛేంజ్ యువర్ వైఫ్?' (1920) మున్నగు చిత్రములలో భార్యాభర్తలు అలవాటుచే విసిగి విడిపోయి, మరల ఒకరినొకరు మెప్పించి కలియుదురు. బెర్లిన్ నుండి వచ్చిన ఎర్న్‌స్ట్ లుబిట్ష్ 'ది మ్యారేజ్ సర్కిల్' (1924)లో ఇదే విషయమును తలుపులు మూయుట, టోపీ మరచిపోవుట వంటి చిన్నచేష్టలతో సున్నితముగా నడపెను.

గంభీర చిత్రములలో ఎఫ్. డబ్ల్యు. మూర్నౌ 'సన్‌రైజ్' (1927) అగ్రగణ్యము. పట్నపు స్త్రీ మాయలో పడి భార్యను నీట ముంచి చంపబూనిన రైతు, ఆఖరుక్షణమున చేయలేక, పారిపోవు భార్యను వెంబడించుచు నగరమునకు చేరును. అక్కడ ఒక చర్చిలో ఎవరిదో పెండ్లి జరుగుచుండగా, వధువును రక్షించుట వరుని ధర్మమని పురోహితుడు చెప్పుమాటలు విని అతడు భార్య ఒడిలో తలవాల్చి విలపించును. ఇరువురును ఆ గుడినుండి క్రొత్తదంపతులవలె వెలికివచ్చుట రెండవ వివాహము. ఇందు నాయకుడు నిరూపింపవలసినది వీరత్వము కాదు, పశ్చాత్తాపము. భార్య పాత్రధారిణి జానెట్ గేనర్ ఈ చిత్రమునకును, ఫ్రాంక్ బోర్జేగి 'సెవెంత్ హెవెన్', 'స్ట్రీట్ ఏంజెల్' చిత్రములకును కలిపి ప్రథమ అకాడమీ నటీమణి బహుమానమును పొందెను. 'సెవెంత్ హెవెన్' (1927)లో పారిస్ మురుగుకాల్వలలో పనిచేయు చీకో, పోలీసులనుండి కాపాడుటకు ఒక అనాథను తన భార్యయని బొంకును. ఆ బొంకు క్రమముగా నిజమగును. అతడు యుద్ధమునకు పోగా ధైర్యము నేర్చి నిలద్రొక్కుకొనినది ఆమెయే.

కింగ్ వీడర్ 'ది క్రౌడ్' (1928) యోగ్యతను గూర్చిన అమెరికా విశ్వాసమునే ప్రశ్నించెను. తాను గొప్పవాడనగుదునని నమ్మిన జాన్, ప్రియురాలితో బస్సుపై పోవుచు, విదూషకవేషముతో ప్రకటనపలక మోయువానిని చూచి నవ్వును. పెండ్లి, పిల్లలు, కుమార్తె దుర్మరణము, నిరుద్యోగము అన్నియు అనుభవించిన పిమ్మట, భార్య పుట్టింటివారితో వెడలిపోనున్న తరుణమున, అతడు చేపట్టిన ఉద్యోగము ఆ విదూషకవేషమే. కొడుకు నమ్మకము నిలుపుటకై ఆ వేషము ధరించుటయే అతని నిరూపణము.

స్త్రీల యోగ్యతకు లోకము పెట్టు పరీక్ష వేరు. గ్రిఫిత్ 'వే డౌన్ ఈస్ట్' (1920)లో దొంగపెండ్లిచే మోసపోయి బిడ్డను పోగొట్టుకొనిన అన్నా, ఎంత శీలవతియైనను గతము తెలిసినంతనే మంచుతుపానులోనికి గెంటబడును. నదిలో విరిగి కొట్టుకొనిపోవు మంచుపలకపై పడియున్న ఆమెను డేవిడ్ పలకనుండి పలకకు దుముకుచు జలపాతపు అంచున రక్షించును. ఈ ఘట్టమునకై లిలియన్ గిష్ నిజమైన మంచునీటిలో చేయి జారవిడిచి పండుకొనెను. రష్యాయందు అబ్రామ్ రోమ్ 'బెడ్ అండ్ సోఫా' (1927)లో మాస్కోనగరపు ఒంటిగదిలో భర్తకును, అతని స్నేహితునకును నడుమ నలిగిన గర్భవతి, ఇరువురును తనకు తగినవారు కారని తీర్మానించి రైలెక్కి పోవును. పురుషుడు పరీక్షింపబడి ఓడిపోయిన అరుదైన తీర్పు ఇది.

భారతీయ మూకీలు

1913 మే 3వ తేదీన బొంబాయి కారొనేషన్ హాలులో ప్రదర్శింపబడిన దాదాసాహెబ్ ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' మొదలుగా మన మూకీలలో పరీక్ష స్వరూపము వేరు. హరిశ్చంద్రుడు భార్యను గెలుచుటకు కాదు, ఇచ్చినమాట నిలుపుటకు భార్యను అమ్ముకొనెను. వివాహము ఇచట ఫలము గాక, సత్యపరీక్షలో ఒడ్డిన ధనము. ఆనాడు కులస్త్రీలు నటింప ముందుకు రాకపోవుటచే తారామతి వేషమును సాళుంకే అను పురుషుడు ధరించెను. 1917 నాటి 'లంకాదహన్'లో అతడే రామునిగను, సీతగను గూడ నటించెను. 1920లో మదన్ సంస్థవారు పేషెన్స్ కూపర్ నాయికగా 'నలదమయంతి'ని నిర్మించిరి. నలుని రూపము దాల్చిన దేవతలలో నలుని గుర్తింపవలసినది దమయంతియే గనుక, ఆ కథలో పరీక్ష వరునకు గాక వధువు చూపునకు పెట్టబడినది.

జర్మను దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్, హిమాంశు రాయ్ కలిసి తీసిన మూడు చిత్రములు ఈ విషయమున చెప్పదగినవి. 'ప్రేమ సన్న్యాస్' (1925) సిద్ధార్థుడు భార్యయైన గోపను వీడి తపస్సునకు పోవు కథ. 'షిరాజ్' (1928)లో కుమ్మరి కొడుకు తనతో పెరిగిన కన్యను ప్రేమించును. ఆమె ముంతాజ్ మహల్ కాగా, ఆమె మరణానంతరము సమాధిమందిరమునకు రూపకల్పన చేసినది అతడే. అట్టి కట్టడము మరియొకటి కట్టకుండ అతని కన్నులు తీయింపబూనిన చక్రవర్తికి అతడు అదివరకే అంధుడని తెలియును. 'ప్రపంచపాశ్' (1929) మహాభారతపు జూదమును ఇద్దరు రాజుల ప్రేమస్పర్ధగా మలచెను. ప్రియురాలిని పాచికలపై పోగొట్టుకొను రాజు యోగ్యుడెట్లగునను ప్రశ్న అందు గర్భితము.

సాంఘిక చిత్రములలో వంగదేశపు 'బిలాత్ ఫేరత్' (1921) సీమచదువు చదివివచ్చిన యువకుని ప్రేమభావములను ఎగతాళి చేసెను. చందూలాల్ షా, గోహర్ నాయికగా తీసిన 'గుణసుందరి' (1927)లో, పగలెల్ల ఇంటిచాకిరితో అలసిన భార్య, భర్త వేరొకతె ఆకర్షణకు లోనగుట గాంచి, తాను గృహమునకే గాక అతని సాహచర్యమునకును తగినదానినని నిశ్చయించుకొని వీథిలోనికి వచ్చును. డెమిల్ 'వై ఛేంజ్ యువర్ వైఫ్?' చిత్రముతో దీనికి పోలిక కలదు. మారవలసినది భార్యయే యను భావము రెండుచోట్లను సమానమే.

ఆంధ్రులు, హైదరాబాదు

బందరునందు జన్మించి మద్రాసులో ఛాయాచిత్రకారుడై, గెయిటీ థియేటరును స్థాపించిన రఘుపతి వెంకయ్య నాయుడును, ఇంగ్లండులో ఈ విద్య నభ్యసించి వచ్చిన అతని కుమారుడు ప్రకాశును కలిసి స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థ పక్షమున 1921లో 'భీష్మప్రతిజ్ఞ'ను వెలువరించిరి. ప్రకాశే భీష్ముడు, పెగ్గీ కాస్టెల్లో గంగ. వరపరీక్షా కథలన్నిటను ఇది విలక్షణమైనది. వధువు తండ్రియైన దాశరాజు నియమము పెట్టును. వరుడైన శంతనుడు దానిని నెరవేర్పలేడు. నెరవేర్చినవాడు వరుని కుమారుడు, అదియును తన వివాహమును శాశ్వతముగా వదలుకొనుటచే. ఒకని పెండ్లికి మరియొకని బ్రహ్మచర్యము శుల్కమయ్యెను. తెలుగువారు చిత్రనిర్మాణమునకు తొలుత ఎన్నుకొనిన కథయందు యోగ్యత పరిణయముచే గాక పరిత్యాగముచే నిరూపితమగుట గమనింపదగినది.

హైదరాబాదునందు ధీరేన్ గంగూలీ నిజాము ప్రభుత్వపు ఆదరముతో లోటస్ ఫిల్మ్ కంపెనీని నెలకొల్పి కొన్ని మూకీలు తీసెను. 1924లో ముస్లిము రాణికిని, హిందూ యువకునకును గల ప్రేమను వర్ణించు 'రజియా బేగం' అను చిత్రమును ప్రదర్శించుటచే నిజాము ఆగ్రహించి అతనిని రాజ్యము విడిచిపొమ్మని ఆజ్ఞాపించెను. తెరపై ప్రేమకు పెట్టిన పరీక్ష, ఇచట ప్రదర్శకునకే ఎదురయ్యెను.

టాకీల రాక

నైట్రేటు ఫిల్ము త్వరగా చెడిపోవు స్వభావము కలది. టాకీలు వచ్చిన తరువాత మూకీలకు విలువలేదని నిర్మాతలే వానిని భద్రపరచుట మానివేసిరి. 1912–1929 నడుమ అమెరికాలో నిర్మితమైన సుమారు 11,000 పెద్దచిత్రములలో 14 శాతము మాత్రమే మొదటి రూపమున మిగిలినవని అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము 2013లో ప్రకటించెను. భారతదేశమున వెయ్యికి మించి తీసిన మూకీలలో దక్కినవి అత్యల్పము, 'భీష్మప్రతిజ్ఞ' దక్కలేదు.

1931 మార్చి 14న 'ఆలమ్ ఆరా'తో భారతీయ చిత్రమునకును, 1932లో హెచ్. ఎం. రెడ్డి 'భక్త ప్రహ్లాద'తో తెలుగు చిత్రమునకును మాట వచ్చెను. వెనువెంటనే సి. పుల్లయ్య 1933లో 'సావిత్రి'ని, 1934లో 'లవకుశ'ను తీసెను. సావిత్రి కథలో భార్య భర్తను గెలుచుకొనునది కత్తితోను కాదు, పరుగుతోను కాదు. యమునితో వాదించి, ఒక్కొక్క వరముగా, చివరకు తన పతి ప్రాణమును మాటలలోనే చిక్కించుకొనును. మేడలెక్కుటచేతను, ప్రవాహములు దాటుటచేతను మూకీలు కంటికి చూపిన యోగ్యతను, ఈ కథలో పద్యమే చెవికి నిరూపింపవలసియుండెను. అట్టి నిరూపణము మూకీకి అసాధ్యము, టాకీకి సహజము. వాక్చాతుర్యమును నాటకరంగమున తరతరములుగా మెచ్చుకొనిన తెలుగు ప్రేక్షకునకు ఈ మార్పు క్రొత్తగా తోపలేదు.